గృహ నెట్‌వర్క్ నిల్వ పరికరం

గృహ నెట్‌వర్క్ నిల్వ పరికరం అనగా ఇంటిలోని రౌటరుకు కలిపి, ఒకటి లేదా అంతకంటే ఎక్కువ హార్డు డిస్కులను ఆ ఇంటిలోని కంప్యూటర్లకు, టెలివిజన్లకు, మొబైల్ ఫోన్లకు ఒకేసారి అందుబాటులో ఉంచే చిన్న కంప్యూటరు. దీనిని వాడుకలో నాస్ అని వ్యవహరిస్తారు. కార్యాలయాలలో దస్తావేజులు పంచుకొనుటకు పుట్టిన ఈ పరికరం ఇళ్లలో ముఖ్యంగా సినిమాలు, పాటలు, ఫోటోలు, కుటుంబ వీడియోలు భద్రపరచి, వాటిని ఏ గదిలోనుండి అయినా చూచుటకు ఉపయోగపడుతున్నది. ఈ వ్యాసం ప్రధానంగా ఆ రెండవ ఉపయోగం దృష్ట్యా అటువంటి పరికరాన్ని ఎంచుకొనునపుడు గమనించవలసిన అంశాలను వివరిస్తుంది.

యూఎస్‌బీ ద్వారా కంప్యూటరుకు తగిలించే బయటి డిస్కుకు, నాస్‌కు ముఖ్యమైన తేడా ఒకటి కలదు. బయటి డిస్కు ఒక కంప్యూటరుకు లోబడి ఉంటుంది; ఆ కంప్యూటరు ఆపివేస్తే డిస్కు కూడా అందుబాటులో ఉండదు. నాస్‌కు సొంత ప్రాసెసరు, మెమరీ, ఆపరేటింగ్ సిస్టం ఉంటాయి. ఇది ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తూ, అడిగినవారికి అడిగిన ఫైలును అందిస్తూ ఉంటుంది.

చరిత్ర

నెట్‌వర్కు మీదుగా ఫైళ్లు పంచుకొనే పద్ధతులు 1980లలో రూపుదిద్దుకున్నాయి. 1983లో నోవెల్ సంస్థ నెట్‌వేర్‌ను విడుదల చేసింది. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ ఎన్‌ఎఫ్‌ఎస్ అనే నియమావళిని ప్రవేశపెట్టింది. ఐబీఎంలో బారీ ఫైగెన్‌బామ్ రూపొందించిన ఎస్‌ఎంబీ నియమావళిని తరువాత మైక్రోసాఫ్ట్ స్వీకరించి విండోస్‌లో భాగం చేసింది. ఇళ్లలో నేటికీ ఎక్కువగా వాడుకలో ఉన్నది ఇదే. 1990ల తొలినాళ్లలో ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ ఇదే నియమావళిని యూనిక్స్ కంప్యూటర్లపై పనిచేయించే సాంబా అనే స్వేచ్ఛా సాఫ్టువేరును వ్రాశాడు. చవకైన గృహ నాస్ పరికరాలు రావటానికి లినక్స్, సాంబాలు రెండూ ఉచితంగా లభించటమే పెద్ద కారణమని చెప్పవచ్చు.

2004లో లింక్‌సిస్ విడుదల చేసిన ఎన్‌ఎస్‌ఎల్‌యూ2 అనే చిన్న పెట్టె ఔత్సాహికులలో బాగా ప్రసిద్ధి పొందింది. తైవానుకు చెందిన సైనాలజీ (2000), క్యూనాప్ (2004) సంస్థలు ఈ రంగంలో ప్రముఖమైనవి. పాత కంప్యూటరునే నాస్‌గా మార్చే ఫ్రీనాస్ 2005లో మొదలై, తరువాత ట్రూనాస్‌గా పేరు మార్చుకున్నది.

దృశ్యాలు ప్రసారమయ్యే విధానం

నాస్ ఎంపికలో జరిగే పొరపాట్లలో చాలావరకు ఈ విభాగంలోని విషయం తెలియకపోవటం వలననే జరుగుతాయి. కావున దీనిని కొంత వివరంగా చూడవలసి ఉన్నది.

నాస్‌లోని సినిమా టీవీకి చేరటానికి రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది నేరు ప్రసారం. ఇందులో నాస్ ఫైలును ఉన్నది ఉన్నట్లుగా పంపుతుంది. దానిని విప్పి తెరపై చూపించే పని అంతా టీవీదే. ఈ పద్ధతిలో నాస్‌కు పెద్ద శ్రమ లేదు. అతి తక్కువ ధరలో దొరికే బలహీనమైన ప్రాసెసరు కూడా సరిపోతుంది. రెండవది రూపాంతరీకరణ, అనగా ట్రాన్స్‌కోడింగ్. టీవీకి అర్థం కాని రూపంలో ఫైలు ఉన్నప్పుడు గాని, నెట్‌వర్కు వేగం చాలనప్పుడు గాని నాస్ ఆ చిత్రాన్ని అప్పటికప్పుడు విప్పి, వేరొక రూపంలోకి మార్చి పంపుతుంది. ఇది చాలా భారమైన పని. దీనికి సిద్ధంగా లేని నాస్‌లో బొమ్మ ప్రతి కొన్ని సెకనులకు ఆగిపోతూ ఉంటుంది. కొనుగోలుదారు సాధారణంగా డిస్కునో, వైఫైనో నిందిస్తాడు.

రూపాంతరీకరణ అవసరమయ్యే సందర్భాలు ఎప్పుడూ బొమ్మ వలననే రావు. వీడియో సంకేత పద్ధతులలో హెచ్.264 (2003) ను ఇంచుమించు అన్ని పరికరాలు చదవగలవు. హెచ్‌ఈవీసీ (2013) ను ఇటీవలి టీవీలు చదువుతాయి. ఏవీ1 (2018) ను కొత్తవి మాత్రమే చదువుతాయి. శబ్దం విషయంలో చిక్కు వేరు. శాంసంగ్ 2018 నమూనాల నుండి తన టీవీలలో డీటీఎస్ శబ్దానికి మద్దతును తొలగించింది. డీటీఎస్ శబ్దమున్న డిస్కులనుండి తీసుకున్న ఫైళ్లు అటువంటి టీవీలలో బొమ్మ కనిపించి మాట వినిపించకుండా పోతాయి, లేదా నాస్ శబ్దాన్ని మార్చి పంపవలసి వస్తుంది. శబ్దాన్ని మాత్రమే మార్చటం తేలిక పని. అన్నిటికంటే బరువైనది ఉపశీర్షికలను బొమ్మలో కలిపి ముద్రించటం. బ్లూ-రే డిస్కులలోని ఉపశీర్షికలు అక్షరాలు కావు, చిన్న చిన్న చిత్రాలు. వాటిని టీవీ స్వయంగా చూపలేకపోతే నాస్ మొత్తం సినిమాను ఫ్రేము తరువాత ఫ్రేముగా తిరిగి తయారుచేయవలసిందే.

ఈ పనికి ఇంటెల్ ప్రాసెసర్లలో 2011 నుండి క్విక్ సింక్ అనే ప్రత్యేక భాగం ఉన్నది. ఇది ఉన్న సాధారణ ప్రాసెసరు, ఇది లేని శక్తివంతమైన ప్రాసెసరు కంటే ఈ ఒక్క విషయంలో మెరుగు. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 వంటి చవక ప్రాసెసరు ఇంటి అవసరాలకు చక్కగా సరిపోతుంది. దీనికి విరుద్ధంగా, గ్రాఫిక్స్ భాగం లేని ఏఎండీ ప్రాసెసర్లు అమర్చిన నాస్‌లు ధర ఎక్కువైనా రూపాంతరీకరణలో వెనుకబడతాయి. 2025లో వచ్చిన సైనాలజీ డీఎస్925+ ఇటువంటిదే. ఫైళ్లు పంచుకొనే కార్యాలయానికి అది మంచి యంత్రం, అయితే సినిమాల కొరకు కొనేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవటం మంచిది.

వేరొక మార్గం కూడా కలదు. టీవీకి అన్ని రూపాలను చదవగల చిన్న ప్లేయరు పెట్టెను తగిలించి, అందులో కోడి వంటి సాఫ్టువేరు పెట్టుకుంటే నాస్ రూపాంతరీకరణ చేయవలసిన అవసరమే రాదు. ఒకే ఒక టీవీ ఉన్న ఇంటిలో ఖరీదైన నాస్ కొనుట కంటే ఇది చవక. టీవీలు, ఫోన్లు, పిల్లల టాబ్లెట్లు అనేకం ఉన్న ఇంటిలో మాత్రం రూపాంతరీకరణ సామర్థ్యం నాస్‌లోనే ఉండటం మేలు.

మాధ్యమ సర్వర్లు

ఫైళ్లను పోస్టర్లతో, నటీనటుల వివరాలతో అమర్చి చూపే సాఫ్టువేరును మాధ్యమ సర్వరు అంటారు. ప్లెక్స్, ఎంబీ, జెల్లీఫిన్ ప్రసిద్ధమైనవి. ఎంబీ తన మూలాన్ని మూసివేసినపుడు, 2018 డిసెంబరులో దాని పాత మూలం నుండి జెల్లీఫిన్ చీలివచ్చింది. ఇది పూర్తిగా స్వేచ్ఛా సాఫ్టువేరు, ఎటువంటి రుసుము లేదు. ప్లెక్స్ వాడుకకు సులువు, కాని 2025 ఏప్రిల్ 29 నుండి ఇంటి బయటినుండి వీడియోలు చూచుటకు రుసుము తప్పనిసరి చేసింది. ఈ సాఫ్టువేర్లు రాకముందు వాడుకలో ఉండిన డీఎల్‌ఎన్‌ఏ ప్రమాణాన్ని రూపొందించిన సంస్థ 2017లో రద్దయినది. ఆ ప్రమాణం మాత్రం ఇంకా అనేక టీవీలలో పనిచేస్తున్నది.

నాస్ తయారీదారు ఇచ్చే సొంత సాఫ్టువేరుపై పూర్తిగా ఆధారపడుట మంచిది కాదు. సైనాలజీ తన వీడియో స్టేషన్ అనే సాఫ్టువేరును 2024లో డీఎస్‌ఎం 7.2.2 తో తొలగించింది. సంవత్సరాల తరబడి అందులో అమర్చుకున్న జాబితాలు వాడుకరులకు నిరుపయోగమయ్యాయి.

నెట్‌వర్కు వేగం

నాస్ ప్రకటనలలో వేగం గురించి పెద్ద పెద్ద అంకెలు కనిపిస్తాయి. సినిమాలు చూచుటకు అంత అవసరం లేదు. బ్లూ-రే డిస్కులో వీడియో వేగం సెకనుకు గరిష్ఠంగా 40 మెగాబిట్లు. 4కే బ్లూ-రేలో మొత్తం కలిపి గరిష్ఠంగా 128 మెగాబిట్లు. నాస్‌లో కనీసంగా ఉండే గిగాబిట్ ఈథర్నెట్ సెకనుకు 1000 మెగాబిట్లు మోయగలదు. అనగా అత్యంత బరువైన 4కే సినిమాలు కూడా ఒకేసారి అయిదారు పంపవచ్చు.

ఇరుకు సాధారణంగా టీవీ వైపు ఉంటుంది. ఖరీదైన టీవీలలో కూడా చాలావాటికి 100 మెగాబిట్ల ఈథర్నెట్ పోర్టు మాత్రమే ఉన్నది. 4కే బ్లూ-రే నుండి యథాతథంగా తీసుకున్న ఫైలు తీగపై ఆగిఆగి నడిచి, అదే టీవీలో 5 గిగాహెర్ట్జ్ వైఫైపై సాఫీగా నడవటం ఇందువలననే. తీగ ఎప్పుడూ వైఫై కంటే మేలన్న నమ్మకం ఇక్కడ పనిచేయదు. నాస్‌ను మాత్రం ఎప్పుడూ తీగతోనే రౌటరుకు కలపాలి.

డిస్కులు

నాస్ పెట్టెలు అధికంగా డిస్కులు లేకుండా అమ్మబడతాయి. డిస్కులను విడిగా కొనాలి. ఎంత సామర్థ్యం కావలెనో లెక్కవేయుట తేలిక. సెకనుకు 30 మెగాబిట్ల చొప్పున రెండు గంటల సినిమా 27 గిగాబైట్లు అవుతుంది. 4 టెరాబైట్ల డిస్కులో ఇటువంటివి సుమారు 148 పడతాయి. కంప్యూటరులో ఆ డిస్కు 3.64 అని కనబడటం మోసం కాదు. తయారీదారు వెయ్యి చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కించటం వలన వచ్చే తేడా మాత్రమే.

డిస్కుపై సమాచారం వ్రాసే పద్ధతులు రెండు. సీఎంఆర్ పద్ధతిలో దారులు పక్కపక్కన విడివిడిగా ఉంటాయి. ఎస్‌ఎంఆర్ పద్ధతిలో పెంకుటింటి కప్పుపై పెంకులవలె ఒకదానిపై ఒకటి కొంత భాగం కప్పుకొని ఉంటాయి. ఒక పెంకు మార్చాలంటే చుట్టుపక్కల పెంకులను కదిలించవలసినట్లే, ఎస్‌ఎంఆర్ డిస్కులో ఒక చోట తిరిగి వ్రాయాలంటే పక్క దారులను కూడా తిరిగి వ్రాయాలి. కావున పాడైన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి పునర్నిర్మాణం చేయునపుడు ఇవి చాలా నెమ్మదిస్తాయి. 2020 ఏప్రిల్‌లో వెస్టర్న్ డిజిటల్ సంస్థ, నాస్ కొరకని అమ్మిన తన రెడ్ శ్రేణిలో 2 నుండి 6 టెరాబైట్ల డిస్కులలో కొన్ని ఎస్‌ఎంఆర్‌వి అని అంగీకరించవలసి వచ్చింది. తరువాత సీఎంఆర్ డిస్కులను రెడ్ ప్లస్ అనే పేరుతో వేరుచేసింది. కొనే ముందు నమూనా సంఖ్యను బట్టి ఇది సరిచూసుకోవాలి.

ఏ సంస్థ డిస్కు అయినా పనిచేస్తుందా అన్నది మరొక ప్రశ్న. సైనాలజీ 2025 ప్లస్ శ్రేణిలో తాను ధ్రువీకరించిన డిస్కులు మాత్రమే వాడాలనే నిబంధన పెట్టి, వాడుకరుల వ్యతిరేకత తరువాత అదే సంవత్సరం అక్టోబరులో డీఎస్‌ఎం 7.3 తో దానిని సడలించింది.

రైడ్

పలు డిస్కులను ఒకే డిస్కుగా కలిపి వాడే రైడ్ పద్ధతిని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీకి చెందిన డేవిడ్ పాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ 1988లో ప్రచురించిన పత్రంలో ప్రతిపాదించారు. రైడ్ 1లో రెండు డిస్కులపై ఒకే సమాచారం ఉంటుంది. రైడ్ 5లో కనీసం మూడు డిస్కులు కావాలి, ఒక డిస్కు పోయినా సమాచారం నిలుస్తుంది. 4 టెరాబైట్ల డిస్కులు నాలుగు పెడితే 12 టెరాబైట్లు వాడుకకు వస్తాయి. రైడ్ 6 రెండు డిస్కులు పోయినా తట్టుకుంటుంది.

రైడ్ ఉన్నది కదా అని వేరే ప్రతి తీయకపోవటం నాస్ వాడుకరులు చేసే అతి పెద్ద తప్పు. రైడ్ డిస్కు పాడవటం నుండి మాత్రమే కాపాడుతుంది. పొరపాటున తుడిచివేసిన ఫోల్డరు, వైరసు, పిడుగు, దొంగతనం, నీళ్లు - వీటిలో దేనినుండీ కాపాడదు. తుడిచివేత కూడా రెండు డిస్కులపై ఒకేసారి అచ్చుగుద్దినట్లు జరుగుతుంది. కొనుక్కున్న సినిమా పోతే మరల దొరకవచ్చు. కనుక సినిమాలకు రైడ్ లేకపోయినా పెద్ద నష్టం లేదు. రెండు డిస్కుల పెట్టెలో రెండవ డిస్కును రైడ్‌కు వాడటం కంటే, దానిని బయటకు తీసి వేరేచోట ఉంచే ప్రతిగా వాడటమే కొన్ని ఇళ్లకు తెలివైన పని.

సంస్థ సొంతంగా రూపొందించుకున్న రైడ్ పద్ధతులతో మరొక ప్రమాదం ఉన్నది. వేర్వేరు పరిమాణాల డిస్కులను కలుపుకోగలగటం వలన పేరుపొందిన డ్రోబో పరికరాల మాతృసంస్థ 2022లో దివాలా పిటిషను వేసింది, 2023లో మూతబడింది. డ్రోబో పెట్టె పాడైతే అందులోని డిస్కులను సాధారణ కంప్యూటరు చదవలేదు. లినక్స్ ప్రామాణిక పద్ధతులపై ఆధారపడిన పరికరాలలో ఈ బాధ తక్కువ. ఉదాహరణకు, సైనాలజీ డిస్కులను ఉబుంటు కంప్యూటరుకు తగిలించి ఫైళ్లను తిరిగి తీసుకొనవచ్చు.

తెలుగు పేర్లు, ఉపశీర్షికలు

ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టుకొనేవారు ఒక పరిమితిని గమనించాలి. నాస్‌లలో సామాన్యంగా వాడే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టంలో ఫైలు పేరు 255 బైట్లకు మించరాదు. ఆంగ్ల అక్షరానికి ఒక బైటు చాలు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ప్రతిదానికి మూడు బైట్లు కావాలి. అనగా 85 సంకేతాలు మాత్రమే. అందులోనూ ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకు వస్తాయి. "స్త్రీ" అనే ఒక్క అక్షరంలో ఆరు సంకేతాలు, పద్దెనిమిది బైట్లు ఉన్నాయి. కొన్ని నాస్‌లలోని సంకేతీకరించిన ఫోల్డర్లలో ఈ పరిమితి 143 బైట్లకు, అనగా 47 సంకేతాలకు పడిపోతుంది. విండోస్ కంప్యూటరులో చక్కగా ఉన్న పొడవాటి తెలుగు పేరు నాస్‌లోకి నకలు కాకుండా తిరస్కరించబడుటకు కారణం ఇదే. "అన్నయ్య గృహప్రవేశం వీడియో రెండవ భాగం సత్యనారాయణ వ్రతం" వంటి పేర్లకు బదులు తేదీని ముందు ఉంచి పేరు కుదించుకొనుట సుఖం.

పొల్లు అక్షరం తరువాత కనబడకుండా చేర్చే విడదీత గుర్తు మరొక తంటా. అది ఉన్న పేరు, లేని పేరు కంటికి ఒకేలా ఉన్నా కంప్యూటరుకు వేరు. వెదికితే దొరకని ఫైలు తరచు ఇందువలననే దొరకదు.

మాధ్యమ సర్వర్లు సినిమా పేరును బట్టి వివరాలు తెచ్చుకుంటాయి. తెలుగులో ఒకే పేరుతో వచ్చిన చిత్రాలు అనేకం కలవు. దేవదాసు 1953లోను, 2006లోను వచ్చింది. మాయాబజార్ 1957లోను, 2006లోను. మిస్సమ్మ 1955లోను, 2003లోను వచ్చాయి. సంవత్సరం వ్రాయకపోతే కె.వి.రెడ్డి చిత్రానికి కొత్త చిత్రపు పోస్టరు వచ్చి కూర్చుంటుంది. కనుక ఫోల్డరు పేరును "మాయాబజార్ (1957)" అని సంవత్సరంతో సహా పెట్టాలి.

తెలుగు ఉపశీర్షికలు యూనీకోడ్‌లోనే ఉండాలి. అను ఫాంట్లలో టైపు చేసినవి అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. యూనీకోడ్‌లో ఉన్నా కొన్ని టీవీలు డబ్బాలు చూపుతాయి, లేదా ఒత్తులను విడదీసి చూపుతాయి. అటువంటప్పుడు ఉపశీర్షికలను నాస్‌లోనే బొమ్మలో కలిపి పంపాలి. అది పైన చెప్పిన రూపాంతరీకరణయే, కాబట్టి ప్రాసెసరు ప్రశ్న తిరిగి ఇక్కడకు వస్తుంది.

విద్యుత్తు

సగటున 20 వాట్లు తీసుకొనే రెండు డిస్కుల నాస్ నెలకు 14.4 యూనిట్లు ఖర్చు చేస్తుంది. ఖర్చు కంటే కోత ముఖ్యం. వ్రాత జరుగుతుండగా కరెంటు పోతే ఫైల్ సిస్టం దెబ్బతినే అవకాశం ఉన్నది. ఇంటికంతటికీ ఇన్వర్టరు ఉన్నదని ఊరుకోరాదు. కొన్ని ఇన్వర్టర్లు లైనునుండి బ్యాటరీకి మారే క్షణంలో నాస్ ఆగి మొదలవుతుంది. చిన్న యూపీఎస్ పెట్టి, దానిని యూఎస్‌బీ తీగతో నాస్‌కు కలిపితే, బ్యాటరీ తగ్గినపుడు నాస్ తనంతట తాను సక్రమంగా ఆగిపోతుంది. ఈ సౌకర్యమున్న యూపీఎస్‌నే అడిగి తీసుకోవాలి.

భద్రత, దూరం నుండి చూచుట

2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ పరికరాలు అనేకం ఒక్కసారిగా ఖాళీ అయినవి. అంతర్జాలం ద్వారా చొరబడినవారు వాటిని తొలినాటి స్థితికి మార్చివేయటంతో వాటిలోని ఫైళ్లన్నీ తుడుచుకుపోయాయి. ఆ పరికరాలకు 2015 తరువాత సాఫ్టువేరు సవరణలు రాలేదు. క్యూనాప్ పరికరాలపై 2021లో క్యూలాకర్, 2022లో డెడ్‌బోల్ట్, సైనాలజీ పరికరాలపై 2014లో సైనోలాకర్ అనే సొమ్ము గుంజే వైరసులు దాడిచేశాయి. ఎస్‌ఎంబీ మొదటి సంచికలోని లోపం ద్వారా 2017 మేలో వ్యాపించిన వన్నాక్రై బాధితులలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని ఉన్నాయి. ఆ పాత సంచికను మాత్రమే మాట్లాడగల నాస్ చవకగా దొరికినా కొనరాదు.

రౌటరులో పోర్టు తెరచి నాస్‌ను నేరుగా అంతర్జాలానికి అప్పగించుట ప్రమాదం. భారతదేశంలో పలు ఇంటి కనెక్షన్లకు అది సాధ్యం కూడా కాదు. ఒకే ఐపీ చిరునామాను అనేక ఇళ్లకు పంచటం వలన బయటినుండి ఇంటికి దారి ఉండదు. వైర్‌గార్డ్, టెయిల్‌స్కేల్ వంటి గుప్తమార్గ సాఫ్టువేర్లు ఈ రెండు సమస్యలనూ తీరుస్తాయి. విదేశాలలోని పిల్లలు ఇక్కడి ఇంటి నాస్‌లోని వీడియోలు చూడాలంటే ఇంటి కనెక్షను అప్‌లోడు వేగం ముఖ్యం. డౌన్‌లోడు వేగం ఎంతున్నా దానితో పనిలేదు.

చట్టం

భారత కాపీరైటు చట్టం (1957) లోని 52వ సెక్షను సొంత వాడుకకు కొన్ని మినహాయింపులు ఇస్తుంది. 2012లో చేర్చిన 65ఎ సెక్షను, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో డిస్కుల రక్షణ తాళాలను ఛేదించుటను నేరంగా పరిగణిస్తుంది.

కుటుంబ దృశ్యాలు

నాస్‌లో పెట్టే సరుకులో మరల ఎక్కడా దొరకనిది ఇదే. 1980లు, 90లలోని పెళ్లి వీడియోలు వీహెచ్‌ఎస్ క్యాసెట్లలో ఉన్నాయి. టేపులకు బూజు పట్టటమే కాక, వాటిని ఆడించే యంత్రాల తయారీ కూడా 2016లో ఆగిపోయింది. తరువాతి కాలపు మినీడీవీ టేపులు గంటకు సుమారు 13 గిగాబైట్లు అవుతాయి. ఆ మూల ఫైలును యథాతథంగా ఉంచి, చూచుటకు వేరుగా హెచ్.264 ప్రతిని చేసుకోవాలి. స్థలం కలిసివస్తుందని మూలాన్ని తుడిచివేయరాదు.

ఈ ఫైళ్లకు మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలపై, ఒకటి ఇంటి బయట ఉండాలన్నది ఛాయాగ్రాహకుడు పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన నియమం. నాస్ ఒక ప్రతి. యూఎస్‌బీ డిస్కు రెండవది. నకలు పూర్తికాగానే దీనిని విప్పి బీరువాలో పెట్టాలి, తగిలించి ఉంచితే వైరసు దానిని కూడా పట్టుకుంటుంది. మూడవది వేరే ఊరిలోని అన్నగారింటనో, మేనమామగారింటనో ఉంచి, పండుగలకు వెళ్లినపుడు మార్చుకొనవచ్చు. జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టంలు ప్రతి ఖండానికి సరిచూపు సంఖ్యను ఉంచి, నిశ్శబ్దంగా చెడిన ఫైలును పట్టిస్తాయి. అయితే ఆ తనిఖీని నెలకోసారి జరిగేటట్లు వాడుకరి అమర్చుకోవాలి. ప్రతులనుండి ఏడాదికొకసారి ఏదైనా ఒక ఫైలును తిరిగి తెచ్చి, ఆడించి చూడాలి.